నమూనా సంతకం

ట్రంకురోడ్డు సహకార బ్యాంకులో
ముప్పై నాలుగేళ్ళు నేను చేసిందొకటే పని:
చెక్కు మీది సంతకాన్ని
కార్డు మీది సంతకం పక్కన పెట్టి చూడ్డం.
కలిస్తే డబ్బు. కలవకపోతే
"సార్, ఇంకోసారి."

రిటైరయ్యాక కళ్ళు ఊరుకోలేదు.
చిన్నబజారు పాతకాగితాల కొట్లో
తక్కెట్లో తూగుతున్న కట్ట అడుగున
దొరికాడు మొదటివాడు,
దండుతో వచ్చిన ఇంగ్లండు చర్చి పాదిరి.
పేరులో ముంత మూతంత సున్నా.
ఇరవై రూపాయలు.

ఇప్పుడు నలభై ఒక్కమంది.
రాజ్యం పెళ్ళినాటి ట్రంకుపెట్టెలో ఉంటారు.
"ఏందయ్యా, శివరాత్రికి జాగారం చేసే కొంపలో
ఈ దొరల చేవ్రాళ్ళు?" అంటుంది,
అంటూనే పురుగు పట్టకుండా వేపాకు మారుస్తుంది.

ఒకడు పేరు కింద గీసిన గీత
ఎండాకాలం పెన్నపాయలా
కొంతదూరం పోయి ఇసకలో ఇంకిపోతుంది.
బిషపులైతే మరీ చిత్రం,
ఇంటిపేరు వదిలేసి ఏలే ఊరు తగిలించుకుంటారు,
ఫలానా మద్రాసు అని.
నవ్వుకున్నాను. మాదీ అంతేగా,
నేనెన్నడూ ఎక్కని ఉదయగిరి
నా పేరుకు ముందు నడుస్తుంటుంది.

ముప్పై ఏడో ఆయన దగ్గర నవ్వు ఆగింది.
అది ఉత్తరం కాదు, అర్జీ.
సమాధి మీద రాయి నిలుపుకోను అనుమతి.
బిడ్డ, ఏడు నెలలు.
కడపరాయి, రెండడుగులు.
రుసుము పదిహేను రూపాయలు ముట్టినవి.
అడిగేవారి చోట ఒక సంతకం,
ఇచ్చేవారి చోట ఒక సంతకం,
రెండూ ఆయనవే.
ఊళ్ళో ఇంకో పాదిరి లేడు మరి.

భూతద్దం తీశాను, పాత అలవాటు.
ఇచ్చినాయన సంతకం నిటారుగా ఉంది,
పెద్దక్షరం, చుక్క, తోక, కొలిచినట్టు.
అడిగినాయనది
సగంలో ఆగి, కలం మళ్ళీ ముంచి,
తన పేరే తప్పు రాసి, దిద్ది.

కలవవు.
బ్యాంకులో అయితే తిప్పి పంపేవాణ్ణి.

ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక,
చర్చి వెనక తుమ్మల్లో వెతికాను.
కాపలా రత్నదానం కొడవలి తెచ్చాడు గానీ
ఏ రాయీ ఆ బిడ్డ పేరు చెప్పలేదు.
బొటనవేల్లో ముల్లు మటుకు దిగింది.

మర్నాడు పింఛనుకు పోతే
కౌంటరు కుర్రాడు నా సంతకాన్ని
కార్డు పక్కన పెట్టి చాలాసేపు చూశాడు.
"సార్," అన్నాడు, మెల్లగా,
"ఇంకోసారి."