తిరగేసిన మొగులు

మర్రిగూడ హైస్కూల్ స్టోర్‌రూంల
విరిగిన బెంచీల కింద దొరికింది.
ఇత్తడి నడుంపట్టీ, ఒక కాలు లేని పీట,
నీలం వెలిసి బూడిద రంగు తేలిన గోళం.
భూగోళమనుకొని దేశాల కోసం వెతికిన.
దేశాల్లేవు. చుక్కలు.
చుక్కల మీంచి చెదలు నడిచిన బాటలు.

స్టాక్ రిజిస్టర్ల ఎర్రసిరాతో:
ఖగోళం, ఒకటి, పనికిరాదు.
రాసిన సారెవరో సంతకం మరిచిండు.

అటెండర్ పోశాలు తుడిచిండు.
ఆయన మెడ పైకి లేవదు.
చిన్నప్పుడు తాగిన బోరింగు నీళ్లు
వెన్నుల సున్నమై గట్టిపడ్డయి.
ఎవరితోనైనా వాళ్ల చెప్పుల దిక్కు చూసే మాట్లాడతడు.
మొగులు చూసి ముప్పై ఏండ్లయిందట.
ఇప్పుడది ఆయన నడుమెత్తుకు దిగొచ్చింది.

ఇరుసును మన ఊరి అక్షాంశానికి, పదిహేడు డిగ్రీలకు వంచిన.
ఇత్తడి పట్టీ నేల అంచు.
తిప్పితే రోహిణి లేచింది, వెనక మృగశిర, ఆరుద్ర,
ఒక రోజంత అరనిమిషంల
పడమట కుంగింది.

పోశాలు ఒకచోట వేలు పెట్టి ఆపిండు.
"సారూ, గిది తప్పు.
ముసలవ్వ మంచం సరే,
ముగ్గురు దొంగలు గీ దిక్కెట్లొచ్చిన్రు?
గొర్లకాడ పండుకొని ఎన్ని రాత్రులు చూసిన!
గా దిక్కుండాలె."

నాకొచ్చిన జవాబు చెప్పిన:
ఇది బయట నిలబడి చూసిన ఆకాశం,
అందుకే ఎడమ కుడైంది.
"బయటంటే యాడ? గాడ ఎవలున్నరు?"

సిలబస్‌ల లేదు.

గోనెసంచులు కుట్టే దబ్బనం ఆయనే తెచ్చిండు.
నేను పేరు చదివితే ఆయన పొడిచిండు,
పెద్ద చుక్కకు దబ్బనం, చిన్నదానికి సూది.
రెండు మధ్యాహ్నాలు పట్టింది.
లోపలికి టార్చిబల్బు దించి
కిటికీలకు పాత జంపఖానాలు కట్టినం.

గోడల మీద, దూలాల మీద,
తొమ్మిదో తరగతి పిల్లల నొసళ్ల మీద చుక్కలు.
అందరూ తలలెత్తిన్రు.
పోశాలు ఎప్పటిలెక్కనే కిందికి.

నేను మర వదులు చేసి
ఉత్తరాన్ని నేలకు తిప్పిన.
పుస్తకం ఒప్పుకోదు.

షాబాదు బండల మీద మంచం పడ్డది.
దొంగలు ఉండాల్సిన దిక్కే ఉన్నరు.
ఆయన చెప్పులిడిచి
తొక్కుతనేమోనని ఒకడుగు జరిగిండు.
చాలాసేపు ఏం మాట్లాడలేదు.

మూలకు ఒక గుంపు, ఏ పటంల లేనిది,
మిగిలినవాటికంటే ఎక్కువ మెరుస్తున్నది.
"గవేం చుక్కలు?" అడిగిందొక పిల్ల.
నేను తడుముకునే లోపల
పోశాలు అన్నడు:
"చెదలయి బిడ్డా."