రాతిపొడి

మౌలాలి గుట్ట కింద మా షెడ్డు.
పొద్దుగాల మిషిన్ ఆన్ చేస్తే
మాపటిదాక రాయి ఏడుస్తనే ఉంటది.
రెప్పలు తెల్లగ, మీసం తెల్లగ ఇంటికి పోతే
మా చిన్నది తాతా అని పిలిచి నవ్వుతది.
నాకింక నలభై నిండలే.

మృగశిర ఇంకో మూడు రోజులుంది.
తహ్సీన్ మేడం వచ్చింది, వంటింటి గట్టుకు నల్లరాయి కావాలని.
బేగంపేట వాతావరణ ఆఫీసుల
ముప్పై ఏండ్లు తెల్లారకముందే బెలూన్లు ఇడిసిన చేతులట.
ఒకసారి దాని పెట్టె భువనగిరి పొలంల పడితే
బాంబనుకొని పోలీసులొచ్చిండ్రట.
రాయిని గోటితో కొట్టి చూసింది.
బేరం మాత్రం మేస్త్రీల కంటె గట్టిగ చేసింది.

అంతల కరెంటు పోయింది.
సైదులు కేటిల్ల చాయ్ తెచ్చిండు.
నేను ఆకాశం దిక్కు చూసి తిట్టిన:
ఇంత ఉక్కపోస్తది, ఒక్క మబ్బుతునక లేదు!

ఆమె కేటిల్ మూతి చూపించింది.
"తెల్లగ కనబడేది ఆవిరి కాదు నాయనా, అవి నీళ్లే, సన్నటి చుక్కలు.
మూతికీ తెలుపుకూ నడుమ
వేలెడు జాగ ఖాళీగ ఉంది చూడు,
ఆవిరంటే అది."

వంగి చూసిన. నిజమే.
ఇన్నేండ్ల సంది చాయ్ తాగుతున్న,
ఆ ఖాళీని ఒక్కనాడు చూడలే.

"ఉక్కపోత అంటే నీ చుట్టు నిలబడ్డ నీళ్లే.
హుస్సేన్ సాగర్‌వి కొన్ని, గండిపేటవి కొన్ని,
దాబాల మీద ఆరేసిన దుప్పట్లవి కొన్ని,
నీ బనీనువి కొన్ని."
కాగిన నేల ఆ గాలిని పైకి తోస్తదట.
పైకి పోయినకొద్ది ఒత్తేటోళ్లు తగ్గుతరట.
"కిక్కిరిసిన బస్సుల నుంచి
అఫ్జల్‌గంజ్‌ల దిగి ఒళ్లు విరుచుకుంటవు గద,
పానం సల్లబడతది గద,
గాలి గూడ గట్లనే.
విరుచుకుంటది. సల్లబడతది."

"సల్లబడితే మబ్బేనా?"
"కాదు. ఉత్త గాలిల నీళ్లకు
ఒక్కకాడ చేరుడు రాదు.
పట్టుకోనీకి ఏదో ఒకటి కావాలె.
ఇంత పొగ, ఇంత ధూళి,
కంటికి ఆనని నలుసు.
దాన్ని పట్టుకున్నంకనే చుక్క."

నా ఛాతి పొంగింది.
ఇరవై రెండేండ్ల సంది పైకి పంపుతున్న ఈ పొడి,
దగ్గు తప్ప నాకేం మిగల్చని పొడి,
డాక్టరు తిట్టిన పొడి,
పక్కింటోళ్లు అర్జీ పెట్టిన పొడి,
మబ్బుకు గింజన్నట్టు!

"అయితే మేడం, నా రాతిపొడి..."

ఒక గుక్క తాగి గని మాట్లాడలే.
అబద్ధం చెప్పే మనిషి కాదు.
"రాతిపొడంటే నీళ్లకు అంత ఇష్టముండదు.
ఉప్పంటే ఇష్టం.
సముద్రంల అల పగిలినప్పుడు లేచి
బందరు దిక్కు నుంచి ఎగురుకుంట వచ్చే ఉప్పు."

సైదులు నవ్విండు.
నేను నవ్వలే.
మా గుట్టను కాదని
ఎక్కడిదో సముద్రం!

నా మొఖం చూసిందో ఏమో, గ్లాసు కింద పెట్టి అన్నది:
"ఇంకా పైన, బాగా పైన,
నీళ్లు మంచుగ గట్టే కాడ
ఉప్పుతోని పని నడవదు.
అక్కడ రాయే కావాలె.
నీ అసొంటోళ్ల రాయే."

ఆ మాటకు రెండు వందలు తగ్గించిన.

మృగశిర పోయింది, వాన రాలే.
అయిదో నాడు మధ్యాహ్నం
చర్లపల్లి దిక్కు గోబిపువ్వు లెక్క లేచింది మబ్బు,
అడుగు సాపగ, నెత్తి ఎగుడుదిగుడుగ.
మిషిన్ బంద్ చేసి బయటికొచ్చిన.

మేడం రాయి వాకిట్లనే ఉంది, ఆటోట్రాలీ కోసం.
ఎండకు కాలుతున్న ఆ నల్లదనం మీద
మొదటి చుక్క పడ్డది. ఆరింది.
ఇంకోటి. అది గూడ ఆరింది.
ఆరిన కాడ గుండ్రంగ
తెల్లటి మరక.

ఎవ్వరు చూస్తలేరని చూసుకొని
వేలుతోని అద్దిన, నాలుక మీద పెట్టుకున్న.

ఉప్పగనే ఉంది.

కాని వేలు నాదే గద.
పొద్దుగాల సంది చెమటల నానిన వేలు.
అది బందరుదో, నాదో
ఆమె వస్తే అడగాలె.