ఒకటే వేగం

మార్చి వచ్చినా సరస్సు ఇంకా రాయిలాగే ఉంది.
డులూత్‌లో వసంతం కాగితం మీదే ముందొస్తుంది.
గరాజులో మా ఆయన ఈరో
కొత్త పాలిషర్ పెట్టె విప్పాడు,
నల్లటి నురగ గూట్లోంచి
బాలింత పక్కలోని బిడ్డని ఎత్తినట్టు ఎత్తాడు.
తీగ ఉండదట, మోత ఉండదట,
ఆరు వేగాలట,
రంగు మీద సుడుల మరకలు వదలదట.
అన్ని ‘అట’లకీ తలూపాను.

పాతది బల్ల కింద నుంచి వింటోంది.
పళ్లెమంత బోడి ముఖం,
తీగకి మూడుచోట్ల నల్ల టేపు కట్లు.
దానికి వచ్చింది ఒకటే వేగం, ఒకటే అక్షరం:
ఊఁ.
పెళ్లయిన ఏడు పందొమ్మిది డాలర్లు పోసి కొన్నాడు,
నా తుప్పు ఎర్ర కారుకి మైనం పట్టించడానికి.
కారు పోయి చాలా కాలమైంది.

“పారేయనా?” అన్నాడు.
వద్దనమనే అడగడం అది.

ఇక దానికి ఉద్యోగం వెతికే పనిలో పడ్డాడు.
మొదట మంచు పార.
మైనం రాసి నున్నగా తిప్పాడు,
మర్నాడు తడి మంచు
పారకి అంటకుండా చేపలా జారింది.
ఆ ఒక్క గెలుపూ తలకెక్కింది.
పక్కింటి ఆర్డిస్ చర్చి ఇత్తడి దీపస్తంభాలు తెచ్చిస్తే
మెరుపు సంగతి దేవుడెరుగు,
వాటిని గరాజంతా దొర్లించింది.
గట్టిపడ్డ రంగు డబ్బాని దాని మీద కట్టి కుదిపాడు,
మూత సరిగ్గా పెట్టలేదు.
గోడ మీద ఇప్పటికీ ఆకుపచ్చ చుక్కలు.
వాటి గురించి మేం మాట్లాడుకోం.

మే నెలలో పెరటి మెట్టు పోశాడు.
చెక్క అచ్చులో తడి సిమెంటు,
అచ్చు పక్కన తాడుతో బిగించిన బఫర్.
మీట నొక్కగానే
బుడగలు, బుడగలు, ఇంకా బుడగలు.
రాయి కాబోయేదానికి
లోపల అంత ఊపిరి దాగుంటుందని నాకు తెలీదు.

అప్పుడొచ్చింది మా టాపియో,
పదమూడేళ్ల కుక్క, వెనక కాళ్లు మాట వినవు.
ఆ వణికే చెక్కకి తుంటి ఆనించి
కళ్లు మూసుకుంది.
ఈరో కుక్కని చూశాడు.
తర్వాత నా కుడి భుజాన్ని చూశాడు.

ఆ రాత్రి గొర్రె ఉన్ని తొడుగు ఉతికి,
పొయ్యి దగ్గర ఆరబెట్టి, దాని ముఖానికి తొడిగి
“బోర్లా పడుకో” అన్నాడు.
“నేనేం కారునా?”
“కారైతే నాకింత భయముండేది కాదు.”

పోస్టాఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు
ఊరి ఉత్తరాలు గూళ్లలోకి విసిరిన భుజం.
ఉన్ని తగలగానే
ఎముకల సందుల్లో ఇరుక్కున్న చిరునామాలు
ఒక్కొక్కటీ ఊడి రాలుతున్నట్టనిపించింది.
ఎందుకో మాట్లాడటం మొదలెట్టాను.
విప్పకుండా తిరిగొచ్చిన కవర్ల గురించి,
ఒకే అబ్బాయికి ఏడేళ్లు రాసిన ఓ తల్లి దస్తూరి గురించి,
ఓ క్రిస్మస్‌కి నేను దాచేసి
మర్నాడు భయపడి పంపేసిన పోస్టుకార్డు గురించి.
ఇంట్లో ఎవరికీ చెప్పనివి.
అది ఊఁ కొడుతూనే ఉంది.

ఎప్పుడు ఆపేశాడో గమనించలేదు.
వెనక నుంచి ఊఁ మాత్రం వస్తోంది,
కాస్త బొంగురుగా,
ఊపిరి తీసుకోడానికి మధ్యలో ఆగుతూ.

గరాజులో కొత్తది పచ్చ దీపం వెలిగించుకుని
ఛార్జింగులో ఉంది.
గుమ్మం దగ్గర టాపియో
నా వంతెప్పుడన్నట్టు కూర్చుంది.