తువ్వాలు కింద

ముప్పై రెండేళ్ళు మిర్చి యార్డులో గుమస్తాని.
దగ్గు నా ఇంటిపేరు.

మా రోజుల్లో బేరం నోటితో కాదు.
దలారీ, కొనేవాడూ చేతులు కలిపి
పైన తువ్వాలు కప్పేవాళ్ళు.
మొహాల్లో ఏమీ ఉండదు. ఒకడు అల్లుడి ఉద్యోగం సంగతి అడుగుతాడు,
ఇంకొకడు కుడికాలవకి నీళ్ళొదిలారా అంటాడు.
కింద వేళ్ళు మాత్రం నొక్కుతుంటాయి,
విడిపించుకుంటాయి, మళ్ళీ దొరుకుతాయి.
రైతు తన బస్తా పక్కనే నిలబడి
తువ్వాలు కదలికను చూస్తుంటాడు
పురిటిగది బయట మొగుడిలా.

ఆ యేడు మా తమ్ముడు వీరరాఘవులుని
నల్లమలలో కరెంటు లైను లాగుతుంటే ఎత్తుకుపోయారు.

టీవీలో మంత్రి:
"తుపాకీ పట్టినవాళ్ళతో మాటల్లేవు."
ఆ రాత్రే, రెండు దాటాక, బ్రాడీపేటలో
ఒక రిటైర్డ్ లెక్చరర్ గారింటి ముందు
నంబరు ప్లేటుకి మట్టి పూసిన జీపు ఆగిందట.
నాకర్థమైంది. తువ్వాలు కప్పారు.

కోరికలు పేపర్లో పడ్డాయి, మొత్తం పన్నెండు.
తాలుకాయ ఏరినట్టు ఏరుతూ కూర్చున్నాను.
ఇది ఇవ్వొచ్చు, ఇది కుదరదు,
ఇది ధర పెంచడానికి పెట్టింది,
అసలు బేరం తొమ్మిదోది.

హమాలీ మేస్త్రి మస్తాను టీ గ్లాసు పట్టుకుని
నా వైపు చూడకుండా అన్నాడు:
"ఒక్కసారి కొన్నారంటే అదే రేటు నిలబడిపోద్ది గుమస్తాగారూ.
రేపు ఇంకో బస్తా తెస్తారు."
నిజమే. ముప్పై రెండేళ్ళలో
వాడు యార్డు గురించి తప్పు చెప్పగా నేను వినలేదు.
ఆ రోజు మాత్రం వాడి టీ డబ్బులు నేనివ్వలేదు.

ఆ పదకొండు రోజులూ నాకు ధర్మం అక్కర్లేదు,
బేరం తెగితే చాలు.
మరదలు అన్నం ముందు కూర్చుని అడిగింది:
"ఎంతలో ఉంది బావగారూ?"
మిర్చి ధర అడిగినట్టే.

పన్నెండో రోజు వచ్చాడు.
తెగిన చెప్పుని వాళ్ళలో ఓ పిల్లాడు
సైకిలు ట్యూబు ముక్కతో కుట్టిచ్చాడట.
ఆ చెప్పు పారేయనివ్వడు, తొడుక్కోడు.

అదే రోజు రాజమండ్రి జైల్లోంచి ఒకడు బయటికి నడిచాడు.
నాలుగో పేజీలో మూడు లైన్లు. "అనారోగ్య కారణాల వల్ల."

ఆ మూడు లైన్లు మడిచి పట్టుకుని
నల్లపాడు నుంచి ప్రసన్నకుమారి యార్డుకే వచ్చింది.
కానిస్టేబుల్ జక్కుల ఏడుకొండలు భార్య.
నడిచి బయటికొచ్చినవాడు పెట్టిన మందుపాతరలోంచి
ఆమెకి మిగిలింది ఒక బూటు, విజిలు తాడు.

నేను మాట కోసం వెతుక్కున్నాను.
ఆమె కుర్చీ కోసం వెతుక్కుంది.
కూర్చుంది. దగ్గింది. ఇక్కడందరూ దగ్గుతారు.

"మీ తమ్ముడు బాగున్నాడా?"
"బాగున్నాడమ్మా. రాత్రిళ్ళు లైటు ఆర్పనివ్వడు."

"మాట్లాడొద్దని నేననను.
అంతకుముందే ఎవరన్నా మాట్లాడుంటే
మా ఆయన ఆ రోడ్డెక్కేవాడే కాదు.
కానీ సరుకు నాది గదా అన్నా,
నన్ను బస్తా పక్కనన్నా నిలబెట్టలేదే."

యార్డులో ఇప్పుడు తువ్వాళ్ళు లేవు.
అంతా కంప్యూటర్లో, గోడమీద ఎర్రంకెల్లో.
మంచిదే అంటారు, నేనూ అంటాను.
ఆ పదకొండు రోజులూ గోడమీద అంకెలు వెలిగుంటే
ఏ మంత్రీ తగ్గేవాడు కాదు,
నా తమ్ముడు వచ్చేవాడు కాదు.
ఇది ఆమెకెలా చెప్పాలో
ఇప్పటికీ తెలీదు.

మొన్న వానల్లో వాడే నల్లపాడు వెళ్ళాడు, నాకు చెప్పకుండా.
గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడట.
లోపల చీకటి. ఫ్యూజు పోయింది.
వేసి దిగాడు.
ఆమె పేరడగలేదు, వాడూ చెప్పలేదు.
కొంగు ముడి విప్పి డబ్బులు చేతిలో పెట్టిందట.

తీసుకున్నాడు.
ఎంతని నేనడగలేదు.