నూట ఎనభై ఆరో మెట్టు

చెయ్యి పెట్టక్కర్లేదు బాబాయ్,
చొక్కాకి తగిలించుకుంటే అదే తీసుకుంటుంది అని
యేసుపాదం బాబాయి గుండె మీద నేనే బిగించాను.
అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది.
బీసెంట్ రోడ్డులో బేరమాడి కొన్నది,
బిల్లు లేదు, గ్యారంటీ లేదు,
తీస్తున్నంత సేపూ మూల ఓ ఎర్రచుక్క.

"గుండెకి బొట్టెట్టినట్టుందే" అని నవ్వాడు.
ఎడం భుజాన మడత తువ్వాలు, దాని మీద సిలిండరు.
ఎడంచెయ్యి దాన్ని పట్టుకోడానికి
కుడిచెయ్యి గోడ పట్టుకోడానికి.
మూడోది దేవుడివ్వలేదు.

రాత్రి లాప్‌టాప్‌లో చూస్తే
చిట్టినగర్ కొండ మొత్తం ఓ పక్కకి ఒరిగి ఉంది.
ఇళ్ళు ఒరిగి, కరెంటు స్తంభాలు ఒరిగి,
ఆరేసిన లంగాలు గాలి లేకుండానే ఓ వైపుకి.
సరిచేసే బటనుంది. నొక్కలేదు.
బరువు మోసేవాడికి ఊరు అట్లాగే కనబడుతుందేమో.

ఈ వీడియోల్లో బాబాయికి మొహం లేదు.
మోకాళ్ళున్నాయి, వంతులేసుకుని వచ్చిపోయేవి.
ఊపిరుంది.
ముప్పయ్యో మెట్టు దాకా ఊపిరి,
వందో మెట్టు దగ్గర రంపం.
"ఎవరే అది, కుక్కా?" అన్నాడు
తన ఊపిరి తను మొదటిసారి విని.

మంచినీళ్ళు తాగుతావా అన్న గుమ్మాలు రెండు.
నిన్ననగా బుక్ చేస్తే ఇప్పుడా అన్నవి పధ్నాలుగు.
కెమెరా ఏమీ అనదు,
లెక్క నేను కట్టాను.

నూట ఎనభై ఆరో మెట్టు. నీలిరంగు తలుపు.
సగం తీసి ఉంది.
సైదాబీ గారు నేల మీద, చుట్టూ డబ్బాలు,
ఒక్క సెకను,
తెర గిర్రున తిరిగిపోయింది.
తలుపు పోయి, గోడ పోయి
ఊరొచ్చింది.

పాలప్రాజెక్టు రేకులు.
నల్లగా, తీరిగ్గా ఓ గూడ్సుబండి.
డాబా మీద పళ్ళు తోముకుంటూ లోకం మర్చిపోయిన కుర్రాడు.
అన్నిటికీ అవతల
ఇస్త్రీ చేసి మడతెట్టిన పంచె అంచులా కృష్ణ.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు
బాబాయి అక్కణ్ణించి కదల్లేదు.
భుజం మీద ముప్పై కేజీలు.
ఊరు మాత్రం, రొమ్ముతో పాటు,
కొంచెం పైకి, కొంచెం కిందకి.

వెనక, శబ్దం.
డబ్బా మూత. చిల్లర. ఇంకో మూత.
బియ్యంలో మోచేతిదాకా దిగిన చెయ్యి, గరగర.
"ఇంకో నలభై... మొన్న ఆవాల్లో దాచానే"
చిల్లర మళ్ళీ మొదట్నించీ.
ఆఖర్న, నదికేసి తిరిగే, బాబాయి గొంతు:
"మొదటి తారీకున ఇద్దురుగానిలే అమ్మా.
రెండో రెక్క కూడా తియ్యండి, బండ పట్టట్లేదు."

దించేసి ఆపెయ్యొచ్చుగా, అడిగాను,
పక్కనే బటను, ఒక్క నొక్కు.
"దించితే మళ్ళీ ఎత్తుకోవాలి కదే"
పెరుగన్నంలో ఉల్లిపాయ కొరికాడు.
అంతకి మించి ఏమీ అనలేదు.
కాసేపాగి, పచ్చిమిరపకాయ ఉందా అన్నాడు.

మొదటి సెకను కత్తిరించాను.
ఆవిడ చెయ్యి పోయింది, డబ్బాలు పోయాయి.
తర్వాత కింద పచ్చటి గీత, శబ్దానిది.
రూపాయి పడ్డ చోటల్లా ముల్లులా లేచి ఉంది.
ముల్లు ముల్లూ ఏరదామని చూశాను,
రాలేదు.
చిల్లరా బాబాయి ఊపిరీ
ఒకే గీత మీద పడుకుని ఉన్నాయి.

మొత్తం తీసేశాను.

ఇప్పుడు ఊరు మూగది.
గూడ్సుబండి చప్పుడు లేకుండా పోతుంది,
కుర్రాడు చప్పుడు లేకుండా పుక్కిలిస్తాడు,
ఎవరు మోస్తున్నారో తెలియకుండా
నది
కొంచెం పైకి,
కొంచెం కిందకి.