కొమ్ము బొత్తాల కోటు

పర్లాకిమిడిలో కొత్త నల్లకోటు బొమ్మ వస్తోందంటే
ముందుగా తెలిసేది నాకే.
కోటు నా కుట్టుబల్ల మీదికి వచ్చేది.

మొదటి బొమ్మ నాడు టాకీసు మేనేజరు పాఢీగారు
నల్ల గుడ్డ తాను విసిరేసి
"తెర మీదున్నట్టే కుట్టు, పోలారావు కొలతకి" అన్నాడు.
బొత్తాలు మాత్రం మా ఊరివే.
దువ్వెనలు కోయగా మిగిలిన కొమ్ముముక్కల్ని
మహారణా ముసలాయన నునుపు చేసి
ఆరు ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు,
బాల్కనీ టిక్కెట్టు అడిగాడు.

పోలారావు రిక్షాలో నిలబడేవాడు,
చేతిలో మైకు, ఒంటిమీద కోటు, నెత్తిన మే నెల.
సగం వీధి తెలుగులో, సగం వీధి ఒడియాలో అరిచి
మలుపు రాగానే నోరు మూసేవాడు.
తెర మీద ఆ డిటెక్టివు మాట్లాడడు కదా,
అగ్గిపుల్లని గోటితో గీసి
మంట ఆరేదాకా ఎదుటివాణ్ణి చూస్తాడు.
పోలారావూ అలాగే చూసేవాడు.
వేరుశనగల నీలాచలమ్మ లొంగేది కాదు:
"ఏటలా సూస్తావు? బాకీ కట్టు."

ఐదు బొమ్మలయ్యాక ఆ నటుడు చాలించుకున్నాడు.
ఎందుకో మాకెవరూ చెప్పలేదు.
పాతపట్నం నుంచి రెండు కబుర్లొచ్చాయి,
రెండూ నమ్మాం.

కొత్తవాడు నవ్వుతాడు.
హంతకుణ్ణి పట్టుకోబోయే ముందు ఒక పాట.
నడుం బిగించమన్నారు, లోపల ఎర్ర సాటిన్ వెయ్యమన్నారు,
గంతేస్తే కనబడాలిట.
యాభై రెండేళ్ల మోకాళ్లతో పోలారావు
పెరట్లో గంతులు నేర్చాడు, కోళ్లు బెదిరిపోయాయి.
మా ఈడువాళ్లు సగంలో లేచొచ్చేశారు.
మా పిల్లలు లేవలేదు.
మా పెద్దాడు ఇవాళ్టికీ కలబడతాడు,
అసలు నల్లకోటంటే ఆ నవ్వేవాడే అని.
నేను కాదంటాను.
వాడి వయసులో నేను చూసింది వేరొకణ్ణి.
అంతకుమించి నా దగ్గర రుజువు లేదు.

మూడోవాడి కాలమంతా వాన.
కూతురు మొదటి పావుగంటలోనే పోతుంది,
ఆపైన కోటు ఆరదు.
సాటిన్ విప్పేశాను.
మొదటి కొలత చుట్టూ రెండో కొలత,
సూది బెజ్జాలు చీమల బారులా,
ఇస్త్రీపెట్టె ఎంత నొక్కినా పోలేదు.
లోజేబు మూలలో ఒక అగ్గిపుల్ల దొరికింది,
మందు రాలిపోయి, ఒట్టి పుల్ల.
తీయబోయి ఆగాను.
పుల్లతో సహా జేబు మూతి కుట్టేశాను.

ఆ కోటు పోలారావు వేసుకోలేదు.
చిన్న రైలు పెద్ద రైలైన ఏడే
బరంపురం ఆసుపత్రికి వెళ్లాడు, రాలేదు.
త్రినాథ్ బిసోయి వేసుకున్నాడు.
తెలుగు వాడి నోట్లో కాస్త వంకరగా తిరిగేది,
మైకులో ఆ వంకర బాగుండేది.
ఏడవమంటే నిజంగానే ఏడ్చాడు,
ఎవరి కోసమో నేనడగలేదు.
నీలాచలమ్మ రిక్షాకి అడ్డం పడింది:
"ఈ కోటు నాకు పన్నెండు రూపాయలు బాకీ."
వాడు కోటు వంక చూసుకున్నాడు,
నా వంక చూశాడు,
కట్టేశాడు.

ఇప్పుడు టాకీసులో సగం కుర్చీలు లేవు.
పాఢీగారి అబ్బాయి మొన్నొచ్చి
"ఈసారి నల్లకోటు ఆడమనిషి" అన్నాడు.
మా పెద్దాడు లోపల్నుంచి పళ్లు నూరాడు,
వాడికీ యాభై దగ్గరపడింది.
మైకు పట్టేది నీలాచలమ్మ మనవరాలు సుభద్ర.
బొత్తాల్లో ఐదే మిగిలాయి.
ఆరోదానికి ప్లాస్టిక్ వెయ్యనా అని చూసి
ఖాళీగానే వదిలేశాను.

టేపు పట్టుకుని నిలబడ్డాను,
సుద్దముక్క చెవి మీద.
"తాతా, గుండె దగ్గర ఏదో గుచ్చుకుంటంది."
"గుచ్చుకుంటాదమ్మా," అన్నాను,
"సెయ్యెత్తు."