వైజాగు పోయిన ఎండకాలం

ఆ ఎండకాలం మా నాయిన
వైజాగు తీస్కపోతనన్నడు.

దేవరకొండ డిపోల బస్సుల కింద పండి
గ్రీజు చేతులతోటి ఇంటికొచ్చేటోడు
గంత పెద్ద మాట అంటడని మేమనుకోలె.
అమ్మ పొయ్యికాడ నవ్వాపుకున్నది.
ఎందుకో మాకు సమజ్ కాలె.

తమ్ముడు వీరేశం వాడకట్టంత తిరిగి చెప్పొచ్చిండు.
నేను సాంఘికం పుస్తకంల పటం తీసి
నల్లగొండ మీద బొటనవేలు పెట్టి
నీలిరంగు దాక కొలిచిన.
జాన గూడ లేదు.

తెల్లారకముందే లేచినం.
కారం పూసిన జొన్నరొట్టెలు,
పాత నూనెడబ్బాల మంచినీళ్ళు,
అమ్మ పెట్టెల నుంచి తీసిన చిలకపచ్చ చీర.
నేరేడుగొమ్ము బస్సెక్కినం.
రైలు యాడ ఎక్కుతమని వీరేశం అడిగిండు.
ఇంకా ముందుకు పోవాలె, అన్నడు నాయిన.
కండక్టరు పక్కకు తిరిగి దగ్గిండు.

కంపచెట్లు, రాతిగుట్టలు, పీకని పత్తికట్టె.
ఒక్క బండ నీడకు ముప్పై మేకలు.
పెద్దమునిగల్ దాటినంక ఆటో వెనక
కాళ్ళు యాలాడేసుకొని కూసున్నం,
ఎంటికలల్ల దుబ్బ, కనురెప్పలల్ల దుబ్బ.
ఆఖరి మూల తిరిగిందో లేదో
నీళ్ళు.

ఇగ ఎటు చూసిన నీళ్ళే.
అవుతలొడ్డున నల్లమల గుట్టలు
మోకాళ్ళదాక దిగి నిలబడ్డయి.
నీళ్ళు ఎంత గుంజినయో
వాటి నడుము మీద తెల్లటి గీత.
బోర్లేసిన పడవలు, ఆరేసిన వలలు,
ఎండుచేపల వాసన.
రేకులిండ్ల ముందటి పలక మీద
సున్నంతోటి రాసున్నది: వైజాగ్ కాలనీ.

"గిదే వైజాగు" అన్నడు నాయిన,
టికెట్టు కొట్టిచ్చినంత ధీమాగ.

వీరేశం ఎగిరిండు.
నేను ఎగరలె. చెప్పులిడిసి దిగి
దోసిట్ల నీళ్ళు నాలిక మీద పెట్టుకున్న.
ఉప్పు లేదు.
మా ఇంటి బోరుల ఇంతకంటె ఎక్కువుంటది,
నాయిన పండ్లు పచ్చబడ్డది ఆ నీళ్ళకే.
మోసమని ఏడ్చిన.

వల కుట్టుకుంట కూసున్న ముసలామె,
ముక్కుకు రెండు దిక్కుల ముక్కెరలు,
చేతిల నీలం దారం,
నన్ను చూసి పకపక నవ్వింది.
"ఏటే గుంటా, ఉప్పు సూస్తన్నావా?
నానొచ్చిన్నాడు నానూ అదే సేసినాను.
డేము కట్టిన కొత్తల్లో
మా మావెంట రెండ్రోజులు రైల్లో వచ్చి
ఈ నీళ్ళు నోట్లో ఎట్టి
ఇదేటి సంద్రమని నీనాగే ఏడిసినాను.
మరింకెల్లనేదు."

పేరు మైలపల్లి పోలమ్మ.
పగటీలి బొచ్చెచాప పులుసు పెట్టింది,
పైసలొద్దన్నది.
నాయిన ఆమె కొడుకు పడవ ఇంజను ఇప్పి
గంటల బాగుచేసిచ్చిండు.
పొద్దు గుంకెటాళ్ళకు అదే పడవల
గుట్టల నీడల పొంటి తిప్పిండ్రు మమ్మల్ని.
అమ్మ ఒక చెయ్యి నీళ్ళల్ల పెట్టింది.
దిగేదాక తియ్యలె.

పన్నెండేండ్లకు
రైల్వే పరీక్ష రాయనీకి అసలు వైజాగు పోయిన.
సెంటరు మధురవాడల పడ్డది.
పరీక్ష మంచిగ రాయలె.
మాపటీలి బీచికి పోయి
అందరు ఫోటోలు దిగుతుంటె
ఖాళీ సీసా నింపుకున్న.
రైల్ల పక్కసీటాయన దూపయితుందని అడిగితె
ఇయ్యలె. పిసినారిదనుకున్నడు కావచ్చు.

మళ్ళ ఎండకాలం.
స్కూటీ నేను నడిపిన. నాయిన వెనక కూసొని
ఇంజను చప్పుడు సక్కగలేదని
నేరేడుగొమ్ము దాక గొణుక్కుంటనే వచ్చిండు.

పోలమ్మకు కండ్లు ఆనుతలేవు.
మూత తీసి సీసా చేతికిచ్చిన.
ఎవలు, ఏంది, అడగలె.
ఒక గుక్క నోట్లె పోసుకొని
దవడల నడుమ శానసేపు తిప్పి
తుపుక్కున ఊంచింది.

"ఓలమ్మో, ఇంతుప్పా!
మర్సిపోనాను."

మిగిలినయి పారబొయ్యలె.
మూత తడుముకొని గట్టిగ బిగించి
మంచం కిందికి జరుపుకున్నది.